చీటీ, ఇల్లు

పదహారు డాష్ రెండు డాష్ నూట నలభై ఏడు బై ఏ బై మూడు.
మలక్‌పేటలో ఆ ఇంటికోసం
ఒక మధ్యాహ్నమంతా తిరిగాను.
నూట నలభై ఆరు పక్కన నూట తొంభై ఉంటుంది,
నూట నలభై ఏడు నాలా అవతల
ఎవరి ధ్యాసలోనూ లేకుండా.
ఈ ఊళ్ళో అంకెలు వరసలో నిలబడవు.
దారి అడగాల్సింది ఇస్త్రీ బండివాణ్ణి.

ఇంటర్ తప్పిన ఏడాది అది. సైకిలు, భుజాన సంచి.
అమీర్‌పేటలో ఒక మూడో అంతస్తుకి
రోజూ ఒక కట్ట కవర్లు మోసేవాణ్ణి.
మెట్ల గోడలనిండా పాంప్లెట్లు:
నలభై రోజుల్లో జావా, ఉద్యోగం మీ గుమ్మంలో.
గుమ్మాల సంగతి నాకు తెలుసు.
సంతకం పెట్టే మనిషి ఎప్పుడూ ఆలస్యం.
ఆ ఆలస్యంలో తలుపు పక్కన నిలబడి విన్నదే
నా మొదటి చదువు.

మాధవాచారి సారు ఆ రోజు పాయింటర్లు చెబుతున్నారు.
బోర్డునిండా చుక్కగుర్తులు, బాణాలు, డబ్బాలు.
అరవైమంది రాసుకుంటున్నారు,
అరవైమందికీ ఎక్కలేదు.
"అర్థమైందా?" అంటే
గోడ ఫ్యాను ఒక్కటే అడ్డంగా తల ఊపింది.

నోరు జారింది.
"అది ఇల్లు కాదు సార్, కవరు మీది ఇంటి నంబరు.
ఇల్లంతా నెత్తికెత్తుకొని ఎవరు తిరుగుతరు?
చీటీ జేబుల ఉంటే చాలు."

తిడతారనుకున్నాను.
చాక్‌పీసు నా చేతిలో పెట్టి
ఆయన వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నారు.
ఆ రోజు పన్నెండు కవర్లు చేరలేదు.
ఓనరు రెండు రోజుల జీతం కోశాడు.

తర్వాతంతా సాఫీ అని చెప్పను.
సాయంత్రాలు ల్యాబు ఊడ్చి
స్పేస్ బార్ పనిచేయని పదకొండో కంప్యూటరు ముందు
పదాలన్నీ అతుక్కుపోయిన ప్రోగ్రాములు రాశాను.
డిగ్రీ పోస్టులో వచ్చింది, ఇంగ్లీషు మూడోసారికి వచ్చింది.
నా సొంత బ్యాచికి డెమో ఉచితం గనక ముప్పైమంది,
నాలుగో రోజుకి తొమ్మిది.
ఆ తొమ్మిదిలో ఒకడు కల్వకుర్తి బుచ్చిలింగం.
సెమికోలన్ మూడుసార్లు మరిచాడని
అందరి ముందూ గొంతు పెంచాను.
మర్నాడు రాలేదు.
వాడి నంబరు ఇప్పటికీ నా ఫోనులో ఉంది.
చేస్తే ఒక ఆడగొంతు, ఎంతో మర్యాదగా,
ఈ నంబరు ఉపయోగంలో లేదంటుంది.

ఇప్పుడు నారాయణగూడలో కాలేజీ.
పిల్లలు చాటున కొరియర్ సారు అంటారు, వినపడనట్టుంటాను.
మొన్న మళ్ళీ అదే పాఠం, అదే మలక్‌పేట ఇల్లు.
మూడో వరసలోంచి నుస్రత్ లేచింది.
"ఇల్లు కూలగొట్టిన్రనుకోండి సార్.
చీటీ మాత్రం జేబులనే ఉంది. అప్పుడు?"

అది మూడు వారాల తర్వాతి పాఠం.
దానికి సిలబస్‌లో ఒక పేరుంది, అయిదు మార్కులున్నాయి.
పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.
"మెట్రో పిల్లరు మా వంటింట్లకే వచ్చింది సార్.
ఆధార్ కార్డు మీద ఇంకా ఆ ఇల్లే ఉంది."
క్లాసు నవ్వింది. ముందు తనే నవ్వింది.

చాక్‌పీసు ఆమె బల్ల మీద పెట్టి
వెనక బెంచీలోకి వెళ్ళాను.
నేననుకున్నదానికన్నా ఇరుకు అది,
మోకాళ్ళు పట్టవు.
ఇక్కణ్ణుంచి బోర్డు ఇంత దూరమా?
ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదే.

ఆమె చీటీ గీసింది, చీటీలో నంబరు రాసింది.
బాణాన్ని బోర్డు అంచు దాటించి
గోడ మీదికి లాగి వదిలేసింది.

చెయ్యెత్తాను.
"ఆ జాగలో ఇప్పుడేముంది, మేడమ్?"

"రైలు పోతది సార్.
చీటీ పట్టుకొని పోయి తలుపు కొడితే
తలుపు తీసేది మనోళ్ళు కాదు."

నోట్సులో రాసుకున్నాను.